యుగంధర్ పక్కన స్వరాజ్యరావు

అద్దె లైబ్రరీల్లో చేతులు మారీమారీ అట్టలూడిన డిటెక్టివ్ పుస్తకాలు పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటాయి. వాటిలో కొమ్మూరి సాంబశివరావు నవలలది పెద్దపీట. 1926లో పుట్టిన కొమ్మూరి, రచయిత చలం సోదరుడి కొడుకు. ఆయన సృష్టించిన యుగంధర్ ప్రైవేట్ డిటెక్టివ్, అతని అసిస్టెంటు రాజు.

నాకు మాత్రం ఆ నవలల్లోని ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావంటే అభిమానం. షెర్లాక్ హోమ్స్ కథల్లో పోలీసు లెస్ట్రేడ్ తరచూ తెల్లమొహం వేస్తాడు. స్వరాజ్యరావు అలా కాదు, యుగంధర్‌కు స్నేహితుడు. ఎంత తెలివైన ప్రైవేట్ డిటెక్టివ్‌కైనా పంచనామాకీ, అరెస్టుకీ పోలీసు కావాల్సిందే. ఆ జోడీయే ఈ నవలలకు బలం. దొరికితే కొమ్మూరి ‘ఉరితాడు’ తప్పక చదవండి, ఇంట్లో పిల్లలచేతా చదివించండి.