పుట్టుకకు ముందే వ్రాసిన శాసనము
(వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)



మానవుని పిండదశయందే సంస్కరించి, రోగములును కలహములును లేని లోకమును నిర్మించినట్లు వర్ణించు వైజ్ఞానిక కల్పనాకథలు పెక్కు గలవు. అట్టి లోకము స్వర్గతుల్యమా, లేక చప్పుడు చేయని నిరంకుశపాలనమా యని విచారించుటయే నా యుద్దేశము. జన్మమునుబట్టి యేర్పడిన సంఘముగా నిచ్చట గూడిన మనకు ఈ ప్రశ్న పరాయిది కాదు.

1932వ సంవత్సరమున ఆల్డస్ హక్స్‌లీ యను ఆంగ్లరచయిత ‘బ్రేవ్ న్యూ వరల్డ్’ అను నవలను ప్రకటించెను. డి.ఎన్.ఏ. నిర్మాణము లోకమునకు తెలిసినది 1953లో. కావున జన్యువులను దిద్దు విద్య ఆయన యెరుగడు. అయినను ఆయన యూహ నేటికిని మనలను కలవరపెట్టుచున్నది. ఆ లోకమున శిశువులు సీసాలలో పెరుగుదురు. ఆల్ఫా మొదలు ఎప్సిలాన్ వరకు అయిదు తెగలు. ఈ తెగలకు హక్స్‌లీ వాడిన మాట ‘కాస్టు’, అనగా కులమే! అడుగుతెగల పిండములకు ప్రాణవాయువును తగ్గించి బుద్ధిని మందగింపజేయుదురు. ఉష్ణదేశమున పాటుపడవలసినవారికి చలియన్న రోత పిండదశయందే కలిగింతురు. నిద్రించు బాలుర చెవిలో పాఠములు వినిపించి, ఎవరి తెగ వారికే మేలని నమ్మింతురు. దిగులు కలిగినచో ‘సోమా’ యను మాత్ర గలదు. అల్లరి రేగినచో రక్షకభటులు తుపాకులకు మారుగా ఆ మందు ఆవిరినే చల్లుదురు.

మనమెరిగిన నియంత మనుష్యుడు పుట్టిన పిదప వాని నోరు మూయును. ఈ నియంతకు ఆ శ్రమ లేదు. ఎదురు పలుకగలవానిని పుట్టనీయకుండుటే వాని పాలనము. ప్రజలందరును సుఖముగా నున్నారుగదా, నష్టమేమని కొందరడుగుదురు. ఆ సుఖమును వారిలో నమర్చినది పాలకుడే. వాది తానే తయారుచేసిన సాక్షిని న్యాయస్థానమున నిలిపి, తన పక్షము రుజువైనదనుట వంటిది ఈ వాదము.

నవలలోని పాలకుడు మరియొక దృష్టాంతము చూపును. సైప్రసు ద్వీపమున 22,000 మంది ఆల్ఫాలను మాత్రమే నివసింపజేయగా, ఆరేండ్లలో అంతర్యుద్ధము రేగి 19,000 మంది హతులైరట. కావున తక్కువ తెగలు లేనిదే లోకము నడువదని యతని సిద్ధాంతము. అయితే ఆ ఆల్ఫాలు ఒరులచేత పని చేయించుకొనుటకే పెంపబడినవారు కారా? పెంపకపు దోషమును స్వేచ్ఛ నెత్తిన రుద్దుట ధర్మము గాదు.

1997లో వెలువడిన ‘గటాకా’ యను చలనచిత్రమున పాలకుడే కానరాడు. తలిదండ్రులు వైద్యుని సలహాపై మేలైన పిండమును ఎన్నుకొందురు. జన్యుభేదము పాటింపరాదని చట్టము గలదు. కాని ఉద్యోగమిచ్చువారు నెత్తుటిబొట్టును చూచి మనుష్యుని తూచుదురు. శాసనకర్త లేకయే శాసనము నడచుచున్నది. నాకు హక్స్‌లీ లోకముకంటె ఇదియే యెక్కువ భయావహముగా తోచును. ఏలయన, ప్రేమయే అచ్చట పరికరము.

ఇవి కట్టుకథలే యని త్రోసివేయరాదు. 1907లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రము ‘అయోగ్యుల’కు సంతాననిరోధము గావించు చట్టము చేసెను. 1933 నాటి జర్మనీ చట్టముచే సుమారు 4 లక్షల మంది ఆ శిక్షకు గురియైరి. 2018లో చైనాదేశమున హె జియాన్‌కుయి యను శాస్త్రజ్ఞుడు పిండములలో జన్యువులను దిద్ది కవలబాలికలు జన్మించిరని ప్రకటించెను. 2019లో న్యాయస్థానము వానికి మూడేండ్ల కారాగారము విధించెను. ఆ బాలికల సమ్మతి నడుగు వీలు ఎవరికిని లేకుండెను.

వైద్యమును నిందించుట నా యభిప్రాయము గాదు. 2023లో ఇంగ్లండు, అమెరికా దేశములు సికిల్ సెల్ వ్యాధికి జన్యుచికిత్సను ఆమోదించినవి. అచ్చట రోగి ఎదుట నున్నాడు, తన బాధ తానెరుగును, కాదనుటకు నోరున్నది. దిద్దుబాటు అతని రక్తకణములకే పరిమితము, సంతతికి పారదు. బాధ తీర్చుట వేరు; పుట్టబోవువాని బ్రతుకును ముందే నిర్ణయించుట వేరు. కాదను హక్కు ఎవరికున్నదను ప్రశ్నయే ఈ రెంటికిని గీటురాయి.

ఇక మన మాట. ఫలానావాడు ఫలానా పనికే పుట్టెనని చెప్పిన లోకమును మన పెద్దలు అనుభవించిరి. ఆ మాటనే రేపు జన్యుపత్రము చెప్పినచో మనము శాస్త్రమని తలవంచుదుమా? వివాహమునకు ముందు రోగపరీక్ష చేయించుకొనుట మంచిదే. కాని దాని ఫలితము వధూవరులకును వైద్యునికిని మాత్రమే తెలియవలెను. మన సంఘపు వధూవరుల పట్టికలో అట్టి పరీక్షాఫలితములను ఎన్నడును అడుగరాదనియు, ముద్రింపరాదనియు ఈ మహాసభ తీర్మానింపవలెనని ప్రార్థించుచున్నాను. విద్యార్థివేతనము నిచ్చి బాలబాలికలకు దారిఖర్చు సమకూర్చుదము. ఏ దారిని పోవలెనో వారే యెంచుకొందురు గాక!