యాభైఒక్క శాతం ఎవరి చేతిలో?



నేను సాధారణంగా చెప్పేది సైన్సు. ఈరోజు మాత్రం టెండర్ల గురించి మాట్లాడబోతున్నాను. ఇందులోనూ కొలతలున్నాయి, కొలిచే పద్ధతిలో లోపాలూ ఉన్నాయి. అందుకే ఇది నాకు మరీ పరాయి విషయం అనిపించలేదు.

పుదుచ్చేరి పట్టణంలో రైల్వే స్టేషనునూ, పురపాలక సంఘ కార్యాలయాన్నీ మీరు చూసే ఉంటారు. రెండూ ప్రభుత్వానివే. అయితే స్టేషను దక్షిణ రైల్వేది, అంటే కేంద్రానిది. పురపాలక సంఘం కేంద్రపాలిత ప్రాంత ప్రభుత్వం కిందికి వస్తుంది. ఇక్కడి మహిళ ఒకరు తన చిన్న పరిశ్రమలో తయారైన సరుకును ఈ రెండింటికీ అమ్మాలనుకుంటే నియమాలు ఒక్కటే కావు. నేను చెప్పబోయే ఉత్తర్వు కేంద్ర మంత్రిత్వ శాఖలకూ, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలకూ వర్తిస్తుంది. కనుక టెండరు ప్రకటన కనబడగానే ముందు ఇది ఎవరి టెండరో చూసుకోవాలి. పుదుచ్చేరిలోనైనా, మన తెలుగువారి యానాంలోనైనా ఇంతే.

సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి ప్రభుత్వ కొనుగోళ్ళకు సంబంధించిన ఈ ఉత్తర్వు 2012 మార్చిలో వచ్చింది. వీటి నుంచి 20 శాతం కొనాలన్నది మొదటి లక్ష్యం. 2015 ఏప్రిల్ నుంచి అది తప్పనిసరి అయింది. 2018 నవంబరులో సవరించి 25 శాతం చేశారు. అందులో 3 శాతం మహిళల సంస్థల నుంచి కొనాలన్నారు. ఇది 2019 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. ఆ మూడూ ఈ పాతికలోనివే, పాతికకు పైన కాదు. పైగా అది ఏడాది మొత్తం కొనుగోళ్ళ మీద లెక్క. ప్రతి టెండరులోనూ మూడు శాతం తీసి పక్కన పెడతారని అనుకోకండి.

మరి ఇది మహిళ సంస్థ అని ఎలా తెలుస్తుంది? 2020 జూలై 1న మొదలైన ఉద్యమ్ రిజిస్ట్రేషన్ దీనికి ఆధారం. ఆధార్, పాన్ నంబర్లతో సొంతంగా ప్రకటించుకోవడమే, రుసుము లేదు. ఎవరైనా డబ్బు అడిగితే అది ప్రభుత్వానికి చేరే డబ్బు కాదు. ఒక్కరే యజమాని అయితే ఆ యజమాని మహిళ కావాలి. భాగస్వామ్య సంస్థలోనైతే మహిళలకు కనీసం 51 శాతం వాటా, ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలోనైతే మహిళా ప్రమోటర్లకు కనీసం 51 శాతం షేర్లు ఉండాలి. సరుకు కొని అమ్మే వర్తకులు 2021 జూలై నుంచి ఉద్యమ్‌లో నమోదు కావచ్చు గానీ, ఈ కొనుగోలు ప్రయోజనం వారికి లేదు. తయారుచేసేవారికీ, సేవలందించేవారికీ మాత్రమే.

దీనివల్ల లాభమేమిటి? టెండరు పత్రాలు ఉచితం, ధరావతు కట్టనక్కరలేదు. చీపుర్లు, గొడుగులు, బకెట్ల వంటి 358 వస్తువులను సూక్ష్మ, చిన్న సంస్థల నుంచే కొనాలి. మిగతా వస్తువులకు ఒక లెక్క ఉంది, కాగితం తీసుకోండి.

వెయ్యి వస్తువులకు టెండరు పిలిచారు. విభజించి ఇవ్వదగిన పని అనుకుందాం. అందరికన్నా తక్కువ ధర, అంటే ఎల్-1, ఒక పెద్ద కంపెనీది: వంద రూపాయలు. మన మహిళా సంస్థ 112 వేసింది. వంద మీద 15 శాతం లోపల, అంటే 115 లోపల ఉంది కాబట్టి, ధరను వందకు దించడానికి ఒప్పుకుంటే పాతిక శాతం, అంటే 250 వస్తువులు సరఫరా చేసే అవకాశం వస్తుంది. అర్హులైన సూక్ష్మ, చిన్న సంస్థలు ఇంకా ఉంటే ఆ 250నీ పంచుకోవాలి. అదే 116 వేసి ఉంటే ఈ దారి మూసుకుపోయినట్లే.

ఇక్కడ చాలామంది పొరబడతారు. ధ్రువపత్రం ఉంటే ఎక్కువ ధర ఇస్తారనుకుంటారు. ఇవ్వరు. అమ్మవలసింది వందకే. తయారీ ఖర్చు 104 అయితే ఆ 250 మీద వెయ్యి రూపాయలు నష్టం! ఒప్పుకోవాలా వద్దా అన్నది ఖర్చులు తెలిసిన మనిషే తేల్చాలి.

ఆ మనిషి ఎవరు? అసలు చిక్కంతా ఈ ప్రశ్నలోనే ఉంది. 51 శాతం వాటాకు కొలత, కానీ నిర్ణయం ఎవరిదో అది చూపదు. కంపెనీ నియమావళిని మార్చాలంటే 2013 కంపెనీల చట్టం ప్రకారం ప్రత్యేక తీర్మానం కావాలి. దానికి పోలైన ఓట్లలో నాలుగింట మూడు వంతులు అనుకూలంగా ఉండాలి. కాబట్టి 51 శాతం ఉన్న ఆవిడ ఒక్కతే దాన్ని మార్చలేదు. అమెరికాలో ఇలాంటి పథకంలో 51 శాతం యాజమాన్యంతో పాటు రోజువారీ నిర్వహణ, దీర్ఘకాలిక నిర్ణయాలు కూడా మహిళల చేతిలో ఉండాలంటారు. అక్కడ 1994లో 5 శాతం లక్ష్యం పెట్టుకుంటే, అది మొదటిసారి నెరవేరింది 2015 ఆర్థిక సంవత్సరంలో. సొంత ప్రకటన సరిపోదని 2020 అక్టోబరు నుంచి ధ్రువీకరణ తప్పనిసరి చేశారు. అలాగని మన దగ్గర కాగితాలు పెంచితే సరిపోతుందని నేననుకోను. అసలు యజమానురాలే ఆఫీసుల చుట్టూ తిరిగి అలసిపోతుంది, పేరు అరువిచ్చినవారికి కాగితాలు చేసిపెట్టే మనుషులుంటారు.

నా విద్యార్థిని ఒకమ్మాయి తన తల్లి ఉద్యమ్ పత్రం తెచ్చి చూపింది. యజమాని పేరు తల్లిదే, కుట్టు యూనిట్ నడిపేదీ ఆవిడే. టెండరులో ధర ఎంత వేశారమ్మా అని అడిగితే, "నాన్నగారు వేశారండీ, అమ్మకు తెలియదు" అంది. కారణం వెతికితే చిన్నదే దొరికింది. ఆవిడ ఆధార్‌కు భర్త ఫోను నంబరు ముడిపడి ఉంది. ఓటీపీ ఆయనకే వస్తుంది, కాబట్టి ప్రభుత్వ కొనుగోళ్ళ పోర్టల్ జెమ్‌లోకి వెళ్ళేదీ, ధర టైపు చేసేదీ ఆయనే. ఆయన చెడ్డవాడేమీ కాదు. గుడ్డ ధర తెలుసు, ఒక్కో కుట్టుకు పట్టే సమయం తెలియదు, అంతే.

తల్లీ కూతుళ్ళు ఆధార్ కేంద్రానికి వెళ్ళి నంబరు మార్పించుకున్నారు. తరువాతి టెండరుకు ఆవిడ నోటుబుక్కులో గుడ్డ, దారం, కరెంటు, కూలీ వేరువేరుగా రాసి, మొత్తం కూడిన తరువాతే కూతురి చేత ధర టైపు చేయించింది.