పరాయి బిడ్డను పెంచాలంటే



కన్నవాళ్లు లేని, ఉన్నా దూరమైన బిడ్డను పెంచేవారికి ఏ గుణాలుండాలో నాలుగు మాటలు చెప్పమన్నారు. ఇది మనకు కొత్త సంగతి కాదు. కడప, రాయచోటి ప్రాంతాల నుంచి ఇంటిపనికని కువైట్ పోయిన తల్లులు ఎందరో. వారి బిడ్డలు నానీ దగ్గరో, ఖాలా దగ్గరో పెరుగుతుంటారు. మన ప్రవక్త (స) వారు కూడా యతీమ్‌గా పుట్టి, ఆరేళ్లకు తల్లిని పోగొట్టుకుని, తాత అబ్దుల్ ముత్తలిబ్ వద్ద, పిమ్మట చాచా అబూ తాలిబ్ వద్ద పెరిగారు.

మొదటిది బిడ్డ మనసెరిగే గుణం. ఇందులో మేము చేసిన తప్పే చెబుతాము. ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం తేలేదని నాలుగో తరగతి పిల్లోణ్ణి "మీ అమ్మీ ఎక్కడికి పోయిందిరా?" అని అందరి ముందూ గద్దించాము. వాడు తలెత్తలేదు. మరునాడు వాడి ఖాలా వచ్చింది. "సార్, వీడికి అబ్బా లేడు, అమ్మీ కువైట్‌లో ఉంది. రాత్రి అన్నం ముట్టలేదు. తప్పు చేస్తే నాకు చెప్పండి, అమ్మీ మాట మాత్రం నలుగురిలో ఎత్తొద్దు" అనింది. ఆ పూట కూలి పోగొట్టుకుని వచ్చిన మనిషి. మాకు సిగ్గయింది.

రెండోది న్యాయం. సొంత బిడ్డకు పాలు, ఈ బిడ్డకు వట్టి టీ అనకూడదు. పెట్టిన ముద్దకు లెక్క చెప్పకూడదు.

మూడోది నిజాయితీ. కన్నతండ్రి పేరు దాచరాదని మన ధర్మమే చెప్పింది. యతీమ్ ఆస్తి అమానత్, అందులో పైసా ముట్టరాదు. పెంచిన బిడ్డకు వారసత్వం రాదు కాబట్టి, ఇవ్వదలచినవారు ఆస్తిలో మూడోవంతు దాటకుండా వసీయత్ రాయవచ్చు.

నాలుగోది, కన్నతల్లి తిరిగొస్తే సంతోషంగా పంపగల మనసు. ఇదే అన్నిటికన్నా కష్టం.

ఇంకొక మాట. దిక్కులేని బిడ్డ దొరికితే ఎవరికి వారు ఇంట్లో పెట్టుకోరాదు. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం జిల్లా బాలల సంక్షేమ కమిటీకి తెలపాలి. వారి ఉత్తర్వుతోనే బిడ్డను పెంపకానికి ఇస్తారు. మిషన్ వాత్సల్య పథకం కింద అర్హులైన బిడ్డకు నెలకు 4,000 రూపాయల సాయం ఉంది. అది బిడ్డ సొమ్మేగాని పెంచేవారి సంపాదన కాదు.

ఆ రోజు ఆ ఖాలా కార్డు మీద వేలిముద్ర వేసి పోయింది. చదువు రాని ఆ తల్లి మాకు నేర్పిన పాఠమే మీ ముందు పెట్టాము.