కోతలయ్యాక కాదు, కోతల్లోనే

(పల్నాడు పల్లెల కూలి ఆడవాళ్ళ సమావేశంలో, మేం నలుగురం కలిసి రాసుకుని చదివిన ప్రసంగం)



భూమి గురించో, కూలి రేట్ల గురించో మాట్లాడతామని మీరనుకుని ఉంటారు. వాటిని మేం వదల్లేదు. ఇప్పుడు మాట్లాడేది మాత్రం ఒక చీటీ గురించి.

మాలో ఒకామె, ఈ సభలోనే కూర్చుని ఉంది. పేరు చెప్పొద్దంది, సంగతి చెప్పమంది. మాఘంలో ఏఎన్‌ఎమ్మమ్మ పల్లెకొచ్చి, ముప్పై దాటినవాళ్ళంతా గర్భసంచి ముఖం పరీక్షకు రమ్మంటే ఈమె పోయింది. తెల్లమచ్చ కనపడింది, పెద్దాసుపత్రిలో మళ్ళీ చూపించుకోమని చీటీ రాసిచ్చారు. అప్పుడు ఇంట్లో పరిస్థితి ఏంది? మిరపకాయ రెండో కోత నడుస్తోంది. కూతురి పెళ్ళి పన్నెండు రోజుల్లో ఉంది. అత్త మంచంలో ఉంది. మేస్త్రి దగ్గర తెచ్చిన అడ్వాన్సు తీరలేదు. ఆ చీటీని పెళ్ళికార్డుల సంచి అడుగున పెట్టేసింది. కార్డులు పంచుదామని మేం సంచి విప్పితే బయటపడింది.

"ఏందక్కా ఇది?" అన్నాం.

"పెళ్ళి కానియ్యండే, కోతలయ్యాక చూద్దాం" అంది.

ఈ మాట ఆమె ఒక్కదానిది కాదు, మనందరిదీ. కోతలయ్యాక కల్లంలో కాయ ఏరాలి. తర్వాత పత్తికట్టె పీకాలి. ఎండల్లో మట్టిపని, వాన పడితే నాట్లు. మన ఏడాదిలో ఖాళీ నెల ఏదో ఎవరైనా చూపించండి! ఆసుపత్రివాళ్ళు దీన్ని అశ్రద్ధ అంటారు. మేం ఒప్పుకోం. ఒకరోజు మానితే కూలి పోయి, మేస్త్రి తిట్లు తిని, రేపటి ముఠాలో పేరు పోయేవాళ్ళని పట్టుకుని అశ్రద్ధ అనడం చదువుకున్నవాళ్ళకి తేలిక.

అయితే ఆ రాత్రి ఆమె ఇంకో మాట చెప్పింది. అసలు భయం అదీ. "ఇట్టాంటి చోట జబ్బంటే పెళ్ళికొడుకు వాళ్ళు ఏమనుకుంటారు? తల్లి ఇట్టాంటిదంటే పిల్ల సంబంధం ఏం కావాలి?"

ఇది దాచిపెట్టి మాట్లాడితే లాభం లేదు. ఈ జబ్బుకి మూలం ఒక వైరస్. ఆడామగా కలయికలో అంటుకుంటుంది. కాపురం చేసినవాళ్ళలో ఎక్కువమందికి ఎప్పుడో ఒకప్పుడు అంటేదే, చాలామందికి ఒకటి రెండేళ్ళలో దానంతటదే పోతుంది. కొందరిలో ఉండిపోయి, పదేళ్ళకో పదిహేనేళ్ళకో క్యాన్సరవుతుంది. పెళ్ళినాటి నుంచి ఒక్కడితోనే బతికిన ఆడదానికీ వస్తుంది. ఆమె నడత గురించి ఊరంతా మాట్లాడుద్ది. ఆ ఒక్కడి సంగతి ఎవరూ అడగరు.

పరీక్ష పెద్ద బ్రహ్మవిద్య కాదు. వెనిగర్‌లో ఉండే ఆమ్లమే, పల్చగా కలిపి, దూదితో అద్ది, ఒక నిమిషం ఆగి చూస్తారు. చెడు మొదలైన చోట తెల్లబడుతుంది. తెల్లమచ్చ ఉన్నంతమాత్రాన క్యాన్సర్ కాదు, ఇంకా చూడాలని అర్థం. ముంబై బస్తీల్లో 1998లో మొదలైన అధ్యయనంలో ఈ పరీక్ష చేసింది డాక్టర్లు కాదు, శిక్షణ పొందిన మామూలు ఆడ కార్యకర్తలు. పన్నెండేళ్ళు చూస్తే, పరీక్ష చేసిన బస్తీల్లో ఈ క్యాన్సర్ చావులు 31 శాతం తగ్గాయి. (పోల్చి చూడ్డానికని పరీక్ష చెయ్యకుండా వదిలేసిన బస్తీల ఆడవాళ్ళూ మనలాంటివాళ్ళే. అది వేరే కోపం, ఇంకో రోజు మాట్లాడతాం.)

ముప్పై నుంచి అరవై అయిదు దాకా, అయిదేళ్ళకోసారి ఈ పరీక్ష చెయ్యాలని కేంద్రం 2016లోనే రాసుకుంది. రాసుకుంది సరే, చేసిందెంత? 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రాలో ముప్పై నుంచి నలభైతొమ్మిదేళ్ళ ఆడవాళ్ళలో ఒక్కసారైనా ఈ పరీక్ష అయినవాళ్ళు నూటికి అయిదుగురు లేరు. దేశం మొత్తమ్మీద ఇద్దరు లేరు. అదే సర్వే అంతకుముందు, 2015-16లో, గర్భసంచి తీసేయించుకున్నవాళ్ళని లెక్కబెడితే ఆంధ్రాలో పదిహేను నుంచి నలభైతొమ్మిదేళ్ళవాళ్ళలో నూటికి దాదాపు తొమ్మిదిమంది తేలారు. చూడ్డానికి తీరిక లేదు, కోసెయ్యడానికి ఉంది!

అందుకే మనవాళ్ళకి ఆసుపత్రంటే అనుమానం. 2009లో ఖమ్మం జిల్లాలో ఈ జబ్బు టీకానే హాస్టల్ పిల్లలకి వేసినప్పుడు తల్లిదండ్రుల్ని అడక్కుండా వార్డెన్లు సంతకాలు పెట్టారు. గొడవయ్యాక 2010లో ఆపేశారు. అనుమానం తప్పని మేం అనం. అనుమానం ఉంటే నలుగురం కలిసి పోయి అడుగుదాం, ఇంట్లో కూర్చోవద్దు.

అట్టాగే పోయాం. పెళ్ళికి ఎనిమిది రోజుల ముందు, నలుగురం ఒకరోజు కూలి వదులుకుని ఆమెతో పోయాం. అన్నలు మీటింగులకి లారీలు మాట్లాడతారు గానీ ఆ రోజు ఆటో మేమే మాట్లాడుకున్నాం. ఓపీ దగ్గర "ఏ పేట మీది?" అని అడిగి, ఆమెను చివరికి నిలబెట్టారు. మేం కదల్లేదు, గట్టిగా మాట్లాడాం, పిలిచారు. లోపల ఆడ డాక్టరమ్మ మంచిగానే చూసింది. ముక్క తీసి పరీక్షకు పంపింది.

పెళ్ళి జరిగింది. అమ్మాయి అత్తారింటికి పోయిన మూడోరోజున రిపోర్టొచ్చింది. క్యాన్సర్ కాదు, కాకముందటి దశ. ఆ కాస్త చోటు తీసేస్తే చాలు, గర్భసంచి తియ్యక్కర్లేదన్నారు. కోతలయ్యాక పోయుంటే ఏమయ్యేదో మేం చెప్పలేం. పదేళ్ళు కోతలయ్యాకే అనుకుంటూ పోయుంటే ఏమయ్యేదో మన పల్లెలో ఇద్దరి సమాధులు చెప్తాయి.

అధికారుల్ని మేం అడిగేదిది. పరీక్ష పొలంపని వేళల్లో పెట్టొద్దు. పొద్దుగూకాక, మన పల్లెలోనే, తలుపున్న గదిలో, ఆడమనిషి చేత చేయించండి. పెద్దాసుపత్రికి రాస్తే ఆ రోజు కూలి, బస్సు ఖర్చు ఇవ్వండి. మగవాళ్ళని అడిగేది ఒక్కటే. ఆ రోజు వంట మీరు చెయ్యండి, ముసలామెకి మీరు తినిపించండి.

వచ్చే మంగళవారం ఆమెకు వైద్యం. మూడో కోత ఇంకా అవ్వలేదు, అయినా పోతున్నాం. మొన్న పరీక్షకు పోనివాళ్ళు కూడా రావచ్చు, బహిష్టులో ఉన్నవాళ్ళు ఇంకోవారం రండి. ఆటో పొద్దున ఆరున్నరకి చర్చి దగ్గర ఆగుద్ది. ఇంకా ఇద్దరికి చోటుంది. పేర్లు ఇప్పుడే చెప్పండి.