అకారాది క్రమము – కంప్యూటరు

పేర్ల పట్టీలో తమ పేరు వెదకికొననివారు మనలో అరుదు. ఓటరుల జాబితా కానిండు, పరీక్షా ఫలితములు కానిండు, పింఛను పట్టీ కానిండు, ఉండవలసిన చోట పేరు కనబడనిచో ఆ మనిషి లేనట్లే లెక్క. ఈ పట్టీలను నేడు కూర్చునది కంప్యూటరు. అది తెలుగు మాటలను ఎట్లు పోల్చుచున్నదో, ఏ వరుసలో నిలుపుచున్నదో ఈ ప్రసంగమున కొంత విచారింతము.

ముందుగా మన ప్రాంతపు ఊళ్లనే తీసికొందము. ఆకివీడు, ఉంగుటూరు, ఏలూరు, కైకలూరు, గణపవరము, తాడేపల్లిగూడెము, నిడమర్రు, పెంటపాడు, భీమడోలు. ఇది మన అకారాది క్రమము. ఈ తొమ్మిది పేర్లనే ఇంగ్లీషు లిపిలో వ్రాసి వరుసపెట్టినచో, కడపటనున్న భీమడోలు రెండవ స్థానమునకు ఎక్కును. రెండవదైన ఉంగుటూరు కట్టకడపటికి జారును. ఊళ్లు కదలలేదు. లిపి మారినది, దానితో వరుస మారినది. కావున వరుస అనునది పేరులో పుట్టినది కాదు. ఆయా భాషలవారు ఏర్పరచుకొన్న కట్టుబాటు.

కంప్యూటరునకు ఈ కట్టుబాటు తెలియదు. దానికి తెలిసినవి అంకెలే. కనుక ప్రతి అక్షరమునకు ఒక సంఖ్య కేటాయించిరి. 1991లో వెలువడిన యూనికోడు అను సార్వత్రిక సంకేతమున ‘అ’ సంఖ్య 3077, ‘క’ సంఖ్య 3093, ‘త’ సంఖ్య 3108. వేఱుగ చెప్పనిచో యంత్రము ఈ సంఖ్యలను బట్టియే ముందువెనుకలను నిర్ణయించును.

తెలుగునకు ఇది చాలవరకు సరిపోవును; పూర్తిగ సరిపోదు. బడిలో మనము ‘హ’ తరువాత ‘ళ, క్ష, ఱ’ అని వల్లించితిమి. యూనికోడులోనో, ‘ఱ’ అక్షరము ‘ర’ ప్రక్కన, ‘ళ’ అక్షరము ‘ల’ ప్రక్కన కూర్చున్నవి. దీనికి కారణము లేకపోలేదు. భారతీయ లిపులన్నింటికి ఒకే చట్రము ఉండవలెనని మన దేశమున రూపొందించిన ఇస్కీ అను సంకేతమును యూనికోడువారు ఆధారముగ గైకొనిరి. ఆ చట్రమున దేవనాగరి ‘క’ ఎన్నవ గడిలో నున్నదో తెలుగు ‘క’ కూడ తన వరుసలో అన్నవ గడిలోనే యుండును. ఒక లిపి నుండి మరియొక లిపికి మార్చుటకు ఇది మిక్కిలి సౌకర్యము. కాని భీమవరము చెంతనున్న కాళ్ల, నెల్లూరు జిల్లాలోని కావలి – ఈ రెంటిలో ఏది ముందు? బడి వరుసలో కావలి ముందు. యంత్రపు సంఖ్యలలో కాళ్ల ముందు.

ఇట్టి చిక్కు మనకొక్కరికే వచ్చినది కాదు. పైన రెండు చుక్కలు గల ‘ఓ’ అక్షరమును స్వీడిష్‌వారు తమ వర్ణమాలకు కట్టకడపట నిలుపుదురు. జర్మను నిఘంటువులలో అది మామూలు ‘ఓ’తో కలిసియే యుండును. స్పానిష్ భాషలో ‘సి, హెచ్’ జంటను ఒకే అక్షరముగ నెంచి ప్రత్యేక స్థానమిచ్చెడివారు. 1994లో ఆ భాషా పరిషత్తులు ఆ పద్ధతిని విడిచిపెట్టినవి. అందుచేతనే యూనికోడువారు సంఖ్యలతో నిమిత్తము లేని పోలిక విధానమును, దానిపై ఆయా భాషల సవరణలను ఏర్పరచిరి. అయితే ఏ భాష వరుస కావలెనో ప్రోగ్రాము వ్రాయువారు స్పష్టముగ చెప్పవలెను.

వరుస కంటె గడ్డు ప్రశ్న మరియొకటి గలదు: రెండు మాటలు ఒకటియేనా? కైకలూరు పేరునే చూడుడు. అందలి ఐత్వమును ఒకే గుర్తుగ వ్రాయవచ్చును; ఎత్వమునకు అడుగున మరియొక గుర్తు చేర్చి రెండుగను వ్రాయవచ్చును. కంటికి రెండును ఒకటే, అంకెలలో వేఱు. పోల్చుటకు ముందు రెంటిని ఒకే రూపమునకు తేనిచో, కైకలూరు కైకలూరు కాదని యంత్రము తీర్పు చెప్పును!

దీనికి మందు యూనికోడులోనే యున్నది. కాని తాడేపల్లిగూడెం, తాడేపల్లిగూడెము, నడుమ ఎడమిచ్చి వ్రాసిన తాడేపల్లి గూడెం – ఇవి ఒకే ఊరని ఏ సంకేతమును చెప్పజాలదు. నిడమర్రు, నిడమఱ్ఱు సంగతియు నంతే. ఇది పట్టీని కాపాడువారు ముందుగ నిర్ణయించుకొనవలసిన విషయము. అట్లని పోలికను మరీ సడలించినను ప్రమాదమే. ఇంగ్లీషులో గుర్తులు లేక వ్రాసినచో రమయు, రామయు ఒకే పేరగును. పోలిక బిగిసినచో ఒక మనిషి ఇద్దరగును. సడలినచో ఇద్దరు ఒక్కరగుదురు. ఒకరికి రావలసినది ఆగిపోవుటయో, మరియొకరికి పోవుటయో జరుగును.

తాడేపల్లిగూడెమున 2015లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ వెలసినది. అచ్చట చదువు యువకులు, యువతులు రేపు ఇట్టి పట్టీలకు ప్రోగ్రాములు వ్రాయువారే. ‘ఇది ఎవరి వరుస? ఏవి సమానము?’ అను ప్రశ్నలను పని మొదలిడుటకు ముందే వేసికొనుడని వారికి మా మనవి. ఇక శ్రోతలకు ఒక్కమాట. ఏ కార్యాలయముననైన మీ పేరు పట్టీలో లేదని చెప్పినచో వెంటనే వెనుదిరుగకుడు. ఇంటిపేరు విడదీసి ఒకసారి, కలిపి ఒకసారి, సున్నతో ఒకసారి, ‘ము’ చేర్చి ఒకసారి వెదకుమని అడుగుడు. మనిషి ఎదుట నిలిచియుండగా లేడని చెప్పుట యంత్రమునకు తప్పు కాకపోవచ్చును. దానిని నడుపు మనకు తప్పే.