రాక్షసిబొగ్గు రవ్వలో రెండు మంటలు



ఈవేళ నిప్పు గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. నిప్పుతో మనకున్నంత పరిచయం ఇంకెవరికుంది చెప్పండి! మనం అంటించే పొయ్యి సంగతి సరే, గదిలో దీపం వెలగాలన్నా, ఫ్యాను తిరగాలన్నా ఎక్కడో ఒకచోట నిప్పు మండాల్సిందే. మన దేశంలో కరెంటు ఎక్కువ భాగం నేటికీ రాక్షసిబొగ్గు నుంచే వస్తోంది. సింగరేణి గనుల్లో తవ్విన బొగ్గు రామగుండం, కొత్తగూడెం విద్యుత్ కేంద్రాల్లో మండుతోంది.

అక్కడ బొగ్గును పెళ్లలు పెళ్లలుగా పొయ్యిలో పడేస్తారనుకునేరు! కాదండీ. ముందు దాన్ని మరలో వేసి, ముఖానికి రాసుకునే పౌడరులా మెత్తగా పొడి చేస్తారు. రేణువుల్లో చాలా భాగం తలవెంట్రుక మందానికి మించవు. ఆ పొడిని వేడిగాలితో కలిపి కొలిమిలోకి ఊదుతారు. ఒక్కొక్క రేణువు ఆ మంటల్లో ఉండేది ఒకటి రెండు సెకన్లే. ఆలోపల కాలిపోయిందా సరే, లేదా, అరకొరగా కాలిన బొగ్గు బూడిదలో కలిసిపోతుంది. మన బొగ్గులో అసలే బూడిద పాలు ఎక్కువ, నూటికి ముప్ఫయి, నలభై వంతులు కూడా ఉంటుంది. బూడిదలో బొగ్గు మిగిలితే అటు డబ్బు దండగ, ఇటు ఆ బూడిద సిమెంటుకూ పనికిరాకుండా పోతుంది.

మరి అంత చిన్న రేణువు, అంత కొద్దిసేపట్లో ఎలా కాలుతోందో కనిపెట్టేదెలా? దీనికి శాస్త్రజ్ఞులు కెమెరాను పట్టుకున్నారు. బాగా వేడెక్కిన నిలువు గొట్టంలోకి పైనుంచి రేణువులను విడివిడిగా రాలుస్తారు. గొట్టానికి అమర్చిన కిటికీలోంచి కెమెరా చూస్తూ ఉంటుంది. మన సినిమాకు సెకనుకు 24 బొమ్మలు చాలు. ఈ కెమెరా సెకనుకు వేల బొమ్మలు తీస్తుంది. వాటిని నెమ్మదిగా తిప్పి చూస్తే రెప్పపాటు నిమిషాలుగా సాగుతుంది. రేణువు వేడిని కూడా వెలుగును బట్టే లెక్క కడతారు. కమ్మరి కొలిమిలో ఇనుము ముందు ఎర్రబడి, తర్వాత పసుపై, తెల్లబడటం చూశారు కదా, అదే సూత్రం. వెలుగులో ఏ రంగు పాలు ఎంతో కొలిచి వేడి ఎంతో చెబుతారు.

అమెరికాలో బోస్టన్ నగరంలోని నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయం వారు మూడు రకాల బొగ్గులనూ, వాటితో పాటు మన చెరకు పిప్పినీ ఇలా కాల్చి చూసి, 2011లో ఫలితాలు ప్రకటించారు. రాక్షసిబొగ్గు రేణువు రెండు అంకాలుగా కాలుతుందట. ముందు దానిలోని వాయువులు బయటికి వచ్చి, రేణువు చుట్టూ గూడు కట్టినట్టు మసితో కూడిన పెద్ద మంటగా మండుతాయి. ఇది సెకనులో కొన్ని వందో వంతుల పని. ఆ మంట ఆరాక మిగిలిన బొగ్గు కణకణలాడుతూ, మొదటిదానికి కొన్ని రెట్ల సేపు కాలుతుంది. లిగ్నైటు అనే లేత బొగ్గు, అంటే నైవేలిలో దొరికే జాతి, చాలావరకు ముక్కలై ఒకే ఊపులో కాలిపోయింది. చెరకు పిప్పి మంట మాత్రం దాదాపు కనిపించనంత పలచన! బొగ్గును ఎంత మెత్తగా విసరాలి, గాలి ఎక్కడ ఎంత ఇవ్వాలి అనేది ఇలాంటి బొమ్మలు చూసి తేల్చుకోవచ్చు.

ఇందులో మనకు పనికొచ్చే మాట ఒకటుంది. కుంపట్లో వేసే కొయ్యబొగ్గుకు మొదటి అంకం బట్టీలోనే అయిపోయింది. అందుకే దానికి మంటా ఉండదు, పొగా ఉండదు. పొగ లేదు కదా, ప్రమాదమూ లేదనుకుంటాం. కానీ రెండో అంకంలో బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. నిప్పుల మీద అప్పుడప్పుడు ఆడే నీలిమంట ఆ వాయువు కాలుతున్న గుర్తే. గాలి చాలకపోతే అది కాలకుండా గదిలో నిండిపోతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, మగత, ఆపైన ప్రాణానికే ముప్పు.

బాలింత గదిలో చలిగాలి తగలకూడదని తలుపులన్నీ బిగించి కుంపటి పెట్టే అలవాటు ఇంకా కొన్ని ఇళ్లలో ఉంది. అమ్మమ్మలు నొచ్చుకున్నా సరే, మూసిన గదిలో కుంపటి వద్దు. సాంబ్రాణి వేయాలంటే కిటికీ తెరిచి వేయండి, పని కాగానే కుంపటి బయట పెట్టేయండి. నిద్రపోయే గదిలో మాత్రం ఎంత చిన్న నిప్పూ ఉంచకండి.