పాత కంప్యూటరును మేల్కొలుపుట
(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఒక దాత మన గ్రంథాలయమునకిచ్చిన పాత కంప్యూటరు బీరువా ప్రక్కన దుమ్ముపట్టి యున్నది. దాని మెమరీ 64 మెగాబైట్లు. లినక్సు నెక్కింపబోగా సగములో నిలిచిపోయినదట. పాత సామానులవానికి వేయుడని కొందరనుచున్నారు. వేయుటకు ముందు అదియేల నిలిచినదో విచారింపవలెనని నా మనవి.

విద్యుత్తు తగులగానే బయాస్ అను చిన్న ప్రోగ్రాము లేచును. దాని సాయముతో బూట్ లోడరు డిస్కును చదివి, లినక్సు కెర్నెలును మెమరీలో దించి తప్పుకొనును. ఇక డిస్కును చదువు భారము కెర్నెలుదే. అందులకు డిస్కు కంట్రోలరు డ్రైవరొకటి, ఫైలు సిస్టము డ్రైవరొకటి కావలెను. అవి విడి మాడ్యూళ్లుగా ఆ డిస్కులోనే యున్నచో? తాళపుచెవిని పెట్టెలో నుంచి పెట్టెకు తాళము వేసినట్లే గదా!

1996లో ఇందులకొక ఉపాయము వచ్చెను. అదియే ఇనిషియల్ రామ్‌డిస్కు. లోడరు కెర్నెలుతోపాటు ఒక సద్దిమూటను గూడ మెమరీలో దించును. కెర్నెలు మూట విప్పి, అందలి మాడ్యూళ్లను గైకొని, అసలు డిస్కును తెరచి, మూటను విడిచివేయును. ఉపాయము చక్కనిదే. అయితే ఏ యంత్రమునకైనను చాలవలెనని పంచువారు సమస్త డ్రైవర్లను అందు కట్టుదురు. మూట పదుల మెగాబైట్లగును. మన యంత్రము దానిని విప్పుచుండగనే మెమరీ చాలక చతికిలబడును. పిదప ఆ చోటు తిరిగివచ్చునందురు. నిజమే, అంతవరకు బ్రతికియుండవలెను గదా!

కావున మనకు తగినది రెండవ మార్గము. కావలసిన ఆ రెండు డ్రైవర్లను కెర్నెలులోనే కలిపి, క్రొత్త కంప్యూటరుపై కంపైలు చేసి తెచ్చుట. ఎంపికల పట్టికలో వానికెదుట ‘ఎమ్’ గాక ‘వై’ అని గుర్తింపవలెను. మూటతో పనిలేదు. డిస్కు పేరు మాత్రము జాగ్రత్తగా వ్రాయవలయును. పూర్వపు ఐడీఈ డ్రైవర్లను 2021లో 5.14వ కెర్నెలునుండి తొలగించిరి. నాడు ‘హెచ్‌డీఏ’ యనబడిన డిస్కు నేటి డ్రైవర్లతో ‘ఎస్‌డీఏ’ యగును. ఫైలు సిస్టము యూయూఐడీని వ్రాసినచో, మూట లేని కెర్నెలు దానిని గుర్తుపట్టజాలదు.

నష్టమును గూడ చెప్పవలెను. ఈ డిస్కును వేరు కంట్రోలరుగల యంత్రమున తగిలించినచో కెర్నెలు నిలిచిపోవును; మరల కంపైలు చేయవలసినదే. రహస్యలిపిలో భద్రపరచిన డిస్కునకు సాధారణముగా మూట తప్పదు. ఇక 386 ప్రాసెసరు కలవారికి ఈ శ్రమయు వృథా. 2013లో వచ్చిన 3.8వ కెర్నెలునుండియే దానికి చోటు లేదు. మన యంత్రము అంత ముసలిది కాదు.

యువకులిరువురు ముందుకు వచ్చినచో, వచ్చు ఆదివారము మూత విప్పి కంట్రోలరు పేరు చూచుటతో పని ప్రారంభింతము.